పరీక్ష పెట్టండి, తప్పులు కూడా చెప్పండి

సంపాదకుల వారికి నమస్కారం.

ఫుట్‌బాల్ రిఫరీల సర్టిఫికెట్ రెన్యువల్ కావాలంటే మళ్లీ రాత పరీక్ష రాయాలి. మైదానంలో పరుగెత్తుతూ విజిల్ ఊదేవాళ్లకు కాగితం మీద పరీక్ష ఎందుకని తోటి రిఫరీలే నాతో చాలాసార్లు అన్నారు. నేను ఏళ్ల తరబడి పిల్లల మ్యాచ్‌లకు, చిన్న లీగ్‌లకు రిఫరీగా ఉన్నాను. ఆ మాట నేను ఒప్పుకోను. పరీక్ష ఉండాల్సిందే. మార్చాల్సింది దాన్ని పెట్టే పద్ధతిని.

ఫుట్‌బాల్ నిబంధనలు 17 అయినా వాటి లోపలి విషయం దాదాపు ఏటా మారుతుంది. ఈ నిబంధనలు రాసే ఇంటర్నేషనల్ ఫుట్‌బాల్ అసోసియేషన్ బోర్డు చేసే మార్పులు సాధారణంగా జులై 1 నుంచి అమల్లోకి వస్తాయి. ఒకప్పుడు గోల్ కిక్ (గోల్ దగ్గర నుంచి బంతిని తన్ని ఆట మొదలుపెట్టడం) పెనాల్టీ ఏరియా, అంటే గోల్ ముందు గీసిన పెద్ద పెట్టె, దాటి వెళ్లకపోతే మళ్లీ తన్నించేవాళ్లం. 2019లో అది పోయింది, బంతిని తన్ని అది కదిలితే చాలు. గోల్ కీపర్ బంతిని చేతుల్లో ఆరు సెకన్లకు మించి పట్టుకుంటే ఎదుటి జట్టుకు ఇన్‌డైరెక్ట్ ఫ్రీ కిక్ (నేరుగా గోల్ కొట్టడానికి వీల్లేని ఫ్రీ కిక్) అని చదువుకున్నాం. 2025 నుంచి అది 8 సెకన్లు, దాటితే ఎదుటి జట్టుకు కార్నర్ కిక్. ఇలాంటి చోట కొత్త రిఫరీ కంటే అనుభవం ఉన్న రిఫరీయే ఎక్కువ పొరపాటు పడతాడు. కొత్త రూల్ గుర్తు లేకపోవడం కాదు, పాత రూల్ మరీ బాగా గుర్తుండటమే ఇబ్బంది. పైగా ఆటగాళ్లు, కోచ్‌లు, గట్టు మీద నిలబడిన తల్లిదండ్రులు అందరూ పాత రూల్ ప్రకారమే అరుస్తుంటారు.

నిబంధన తెలియకపోతే ఎంత నష్టమో చెప్పడానికి రెండు మ్యాచ్‌లు చాలు. 2005 సెప్టెంబరులో ప్రపంచ కప్ క్వాలిఫయింగ్‌లో ఉజ్బెకిస్తాన్, బహ్రెయిన్ తలపడ్డాయి. ఉజ్బెకిస్తాన్ పెనాల్టీని గోల్ చేసింది కానీ, ఆ జట్టు ఆటగాడొకరు కిక్‌కు ముందే పెనాల్టీ ఏరియాలోకి వచ్చేశాడు. అప్పటి నిబంధన ప్రకారం అలాంటప్పుడు గోల్ పడితే పెనాల్టీని మళ్లీ తన్నించాలి. రిఫరీ బహ్రెయిన్‌కు ఇన్‌డైరెక్ట్ ఫ్రీ కిక్ ఇచ్చారు. ఉజ్బెకిస్తాన్ 1-0తో గెలిచినా ఫిఫా ఆ ఫలితాన్ని రద్దు చేసి మ్యాచ్ మళ్లీ ఆడించింది. రెండోసారి 1-1, తర్వాత బహ్రెయిన్‌లో 0-0. రెండు మ్యాచ్‌లూ కలిపి స్కోరు సమం కావడంతో, ఎదుటి జట్టు మైదానంలో కొట్టిన గోల్ లెక్కతో బహ్రెయిన్ ముందుకెళ్లింది, గెలిచిన జట్టు ఇంటికెళ్లింది.

సరిగ్గా అదే తప్పు పదేళ్ల తర్వాత మళ్లీ జరిగింది. 2015 ఏప్రిల్ 4న అండర్-19 మహిళల యూరోపియన్ క్వాలిఫయింగ్‌లో ఇంగ్లండ్ 1-2తో నార్వే మీద వెనకబడి ఉంది. ఇంజురీ టైమ్‌లో ఇంగ్లండ్‌కు పెనాల్టీ వచ్చింది, గోల్ పడింది, జట్టు సభ్యురాలు ముందే లోపలికి వచ్చింది, రిఫరీ నార్వేకు ఇన్‌డైరెక్ట్ ఫ్రీ కిక్ ఇచ్చారు. యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్‌ఏ అయిదు రోజుల తర్వాత రెండు జట్లనూ రప్పించి, ఆ పెనాల్టీ నుంచి చివరి క్షణాలు మాత్రం మళ్లీ ఆడించింది. లియా విలియమ్సన్ మళ్లీ గోల్ కొట్టింది, 2-2. ఆ అయిదు రోజులూ ఆ అమ్మాయికి ఎంత టెన్షన్‌గా ఉండి ఉంటుందో ఊహించండి. ఈ రెండు మ్యాచ్‌లలోనూ కన్ను మోసపోలేదు. లోపలికి వచ్చినవాళ్లను రిఫరీ చూశారు. ఆట మళ్లీ ఎలా మొదలుపెట్టాలన్నదే తప్పింది.

నాకూ ఇలాంటి అనుభవమే ఉంది. ఒక ఏడు రెన్యువల్ పరీక్ష మంచి మార్కులతో పాసయ్యాను. ఏ ప్రశ్నలు తప్పాయని అడిగితే చెప్పలేదు, పేపర్ చూపించలేదు. మూడు వారాల తర్వాత ఓ పిల్లల మ్యాచ్‌లో డిఫెండర్ ఫ్రీ కిక్‌ను వెనక్కి కీపర్ వైపు తన్నాడు. బంతి ఎవరికీ తగలకుండా సొంత గోల్‌లోకి పోయింది. నేను గోల్ ఇచ్చాను. ఇవ్వాల్సింది కార్నర్ కిక్. ఆ జట్టు ఒక్క గోల్ తేడాతో ఓడింది. ఆ పిల్లవాడు తన వల్లే ఓడామని ఏడుస్తుంటే చూశాను. ఇంటికెళ్లి పుస్తకం తీశాక తప్పు అతనిది కాదు, నాదని తెలిసింది. పరీక్షలో సరిగ్గా ఇదే బిట్ వచ్చింది, అప్పుడూ నేను గోల్ అనే టిక్ పెట్టాను. ఆ రోజే ఎవరైనా ఆ తప్పు చూపించి ఉంటే ఆ పిల్లవాడికి ఆ బాధ ఉండేది కాదు.

అందుకే ఈ ఉత్తరం. కార్నర్ జెండా కర్ర ఎంత ఎత్తుండాలి, బంతి చుట్టుకొలత ఎంత అనే బిట్లతో పేపర్ నింపడం వల్ల ఉపయోగం లేదు. అవి మ్యాచ్‌కు ముందు పుస్తకం చూసి సరిచూసుకోవచ్చు. విజిల్ ఊదాక పుస్తకం తెరిచే వీలుండదు కాబట్టి అడగాల్సింది సందర్భాలు: ఏం జరిగింది, తప్పు ఎవరిది, కార్డు ఉందా, ఆట ఎక్కడి నుంచి ఎలా మొదలవుతుంది. ఏటా అవే ప్రశ్నలు తిప్పి ఇస్తే రిఫరీలు నిబంధనలను కాదు, జవాబులను బట్టీ పడతారు. ఆ పెనాల్టీ నిబంధన కూడా 2024లో మారింది. ఇప్పుడు ముందుగా వచ్చిన ఆటగాడి ప్రభావం కిక్ మీద పడిందా లేదా అన్నది చూడాలి. పాత జవాబు బట్టీ పట్టినవాడు ఈ రోజు మళ్లీ తప్పుతాడు.

భాష సంగతి కూడా చూడాలి. బోర్డు నిబంధనలను ఇంగ్లిష్, ఫ్రెంచ్, జర్మన్, స్పానిష్ భాషల్లో ప్రచురిస్తుంది, తేడా వస్తే ఇంగ్లిష్ పాఠమే ప్రమాణం. ఈ భాషలేవీ ఇంట్లో మాట్లాడనివాళ్లు ఎందరో రిఫరీలుగా ఉన్నారు. మైదానంలో చక్కగా నిర్ణయించేవాళ్లు పొడవాటి వాక్యం అర్థం కాక ఫెయిలైతే అది భాషా పరీక్ష అవుతుంది. వాళ్ల భాషలో పేపర్ ఇవ్వాలి, లేదా వీడియో చూపించి నోటితో చెప్పించాలి.

పరీక్ష పెట్టే సంఘాలను నేను అడిగేది పెద్ద ఖర్చు పని కాదు. ఫలితంతో పాటు ప్రతి రిఫరీకి తన తప్పు జవాబులు, సరైన జవాబు, నిబంధన నంబరు ఇవ్వండి. ఫెయిలైనవాళ్లను పక్కన పెట్టే ముందు ఒక పూట కూర్చోబెట్టి చెప్పి మళ్లీ రాయించండి. ఇదంతా సీజన్ మొదటి మ్యాచ్‌కు ముందే జరగాలి.

ఇట్లు,
ఒక ఫుట్‌బాల్ రిఫరీ