ఆ హెడ్‌సెట్ కొనేముందు ఇది చదువు

అనంతపురం

ఒరేయ్ శీనా,

ఎట్లుండావ్ రా? చెల్లెమ్మ, పాప బాగుండారు కదా. నీ మెసేజ్ చూసినా. బెంగళూరులో ఎవరో పాత విండోస్ మిక్స్‌డ్ రియాలిటీ హెడ్‌సెట్, అదే కళ్లకు తగిలించుకుంటే త్రీడీ బొమ్మ ఎదురుగా ఉన్నట్టు చూపించేది, చౌకగా ఇస్తానంటున్నాడు, పాప లాప్‌టాప్‌కు తగిలిస్తే పనిచేస్తుందా అని అడిగినావు. ఫోన్లో అవును, కాదు అని తేల్చే సంగతి కాదిది. మా మేనల్లుడి హెడ్‌సెట్‌తో మేం పడిన తంటా నీకు పూర్తిగా తెలిస్తే నీ డబ్బులు నిలుస్తాయని కూర్చుని రాస్తాండా.

ముందు నువ్వడిగిన దానికి జవాబు. అది కొనొద్దు. ఆ రకం హెడ్‌సెట్లకు కావాల్సిన సాఫ్ట్‌వేర్‌ను ఆపేస్తామని మైక్రోసాఫ్ట్ 2023 డిసెంబరులోనే చెప్పింది. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 అనే వెర్షన్ నుంచి తీసేసింది కూడా. పాప లాప్‌టాప్ కొత్తది కాబట్టి అందులో ఆ సాఫ్ట్‌వేర్ ఉండదు. బయటివాళ్లు రాసిన డ్రైవర్లేవో వెతికి తిప్పలు పడొచ్చు గానీ, చదువుకునే పిల్లకు ఆ బాధ ఎందుకు చెప్పు.

ఇంక మా మేనల్లుడి సంగతి. ఇక్కడే ఇంజనీరింగ్ చదువుతాండాడు కదా, ప్రాజెక్టుకని లేపాక్షి బసవన్నను ఎంచుకున్నాడు. 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు, ఒకటే రాయి. చుట్టూ తిరిగి, ఒక ఫోటోలో కనిపించింది పక్క ఫోటోలోనూ కొంత కనిపించేటట్టు ఫోన్‌తోనే తీసుకున్నాడు. వాటిని కంప్యూటర్లో కలిపి త్రీడీ బొమ్మ చేసినాడు. దాన్ని తెర మీద చూపిస్తే ఏముంది మామా, ఎదురుగా నిలబడినట్టు ఉండాల అని పట్టుబట్టి బెంగళూరు నుంచి సెకండ్ హ్యాండ్ ఓక్యులస్ రిఫ్ట్ ఎస్ అనే హెడ్‌సెట్ తెచ్చుకున్నాడు. అది 2019 మేలో వచ్చిన మోడల్. ఇప్పుడు తయారీ లేదు గానీ వస్తువు మాత్రం చక్కగా ఉండాది.

లాప్‌టాప్ పక్కన పెట్టి వైరు విప్పితే దాని కొసకు రెండు ప్లగ్గులు. ఒకటి యూఎస్‌బీ 3.0, అది సరిపోయింది. రెండోది డిస్‌ప్లేపోర్ట్, హెచ్‌డీఎంఐ మాదిరే కంప్యూటర్ నుంచి బొమ్మను తెచ్చేది. పైకి హెచ్‌డీఎంఐ లాగే ఉంటుంది రా, దగ్గరగా పట్టుకుని చూస్తేనే తేడా తెలిసేది. హెచ్‌డీఎంఐకి రెండు వైపులా కిందికి సన్నబడి ఉంటుంది. డిస్‌ప్లేపోర్ట్‌కు ఒక్క మూల మాత్రమే కోసేసినట్టు ఉంటుంది. మావాడి లాప్‌టాప్‌కు ఉన్నది హెచ్‌డీఎంఐ, పక్కన ఒక టైప్-సి. పెట్టెలో మినీ డిస్‌ప్లేపోర్ట్‌కు మార్చే చిన్న ముక్క కూడా ఇచ్చినారు గానీ ఆ రంధ్రమూ ఈ లాప్‌టాప్‌కు లేదు.

వాడు సుభాష్ రోడ్డుకు పోయి ఒక అడాప్టర్ తెచ్చినాడు. ఒకవైపు హెచ్‌డీఎంఐ, ఒకవైపు డిస్‌ప్లేపోర్ట్, చూడ్డానికి అచ్చం కావాల్సిందే. పెడితే హెడ్‌సెట్ నల్లగానే ఉండిపోయింది. ఇక్కడ జాగ్రత్తగా విను, ఎక్కువమంది డబ్బులు పోగొట్టుకునేది ఇక్కడే. ఆ అడాప్టర్లు మన బోరు పైపుకు బిగించే నాన్ రిటర్న్ వాల్వ్ మాదిరి, ఒక దిక్కుకే పారిస్తాయి. కంప్యూటర్‌కు డిస్‌ప్లేపోర్ట్ ఉండి, టీవీకి హెచ్‌డీఎంఐ ఉంటే పనిచేస్తాయి. తిరగేసి పెడితే చేయవు. కంప్యూటర్ హెచ్‌డీఎంఐ నుంచి డిస్‌ప్లేపోర్ట్‌కు మార్చేవి వేరే ఉన్నాయి, వాటికి విడిగా కరెంటు అందించాల. మానిటర్లకు పనికొస్తాయి గానీ రిఫ్ట్ ఎస్‌కు పనికిరావు.

సరే, టైప్-సి ఉంది కదా అనుకున్నాం. టైప్-సి అన్నది రంధ్రం ఆకారం మాత్రమే. లోపల ఏం పారుతుందో కంపెనీ ఇష్టం. పక్కన డి, పి అక్షరాలు కలిపిన గుర్తుగానీ, పిడుగు గుర్తుగానీ ఉంటే బొమ్మ కూడా వస్తుంది. కొన్ని కంపెనీలు గుర్తు ముద్రించకుండానే ఇస్తాయి, అందుకని మాన్యువల్ కూడా చూడాల. మావాడిది చూస్తే డేటా మాత్రమే.

నన్ను ఎక్కువ కష్టపెట్టింది ఆ తర్వాత తెలిసిన సంగతి. ఆ లాప్‌టాప్‌లో బొమ్మలు గీసే ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డు ఉంది, గేమ్‌లు బాగానే ఆడుతుంది. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్లో ఫిజ్ఎక్స్ అనే పేజీ ఉంటుంది, తెరిచి చూడు. ఏ పోర్టు ఏ చిప్పుకు కలిపి ఉందో బొమ్మ గీసి చూపిస్తుంది. మావాడిది తెరిస్తే హెచ్‌డీఎంఐ, ప్రాసెసర్‌లోనే ఉండే ఇంటెల్ గ్రాఫిక్స్ చిప్పుకు పోతాండాది! అంటే బొమ్మ గీసేది ఎన్‌విడియా, దాన్ని బయటికి పంపేది ఇంటెల్. టీవీకి తగిలిస్తే మనకు తేడా కనిపించదు. హెడ్‌సెట్ అట్ల ఒప్పుకోదు. దాన్ని విండోస్ మామూలు మానిటర్ లెక్కన చూడదు, గ్రాఫిక్స్ కార్డే నేరుగా పట్టుకుని నడపాల. రిఫ్ట్ ఎస్ సెకనుకు 80 బొమ్మలు చూపిస్తుంది, ఒక్కో బొమ్మకు దొరికేది 12.5 మిల్లీసెకన్లు. మనం తల తిప్పినాక బొమ్మ వెనకబడి వచ్చిందంటే కళ్లు ఒకటి చెప్తాయి, చెవిలోపలి తూకం ఇంకొకటి చెప్తుంది, కడుపులో తిప్పేస్తుంది. అందుకే మధ్యలో ఇంకో చిప్పును పెట్టనివ్వరు. అంటే హెచ్‌డీఎంఐతో పనిచేసే 2016 నాటి పాత రిఫ్ట్ తెచ్చినా ఆ లాప్‌టాప్‌కు పలికేది కాదన్నమాట.

శీనా, ఆ లాప్‌టాప్ మా బావ శనక్కాయలు అమ్మిన డబ్బుతో కొన్నాడు. డబ్బా మీద ప్రాసెసర్ పేరు, ర్యామ్ ఎంత అన్నది అంతంత అక్షరాలతో అచ్చేస్తారు. వైరు ఏ చిప్పు నుంచి వస్తుందో ఒక్క ముక్క రాయరు. ఆ ఒక్క ముక్క రాస్తే ఎంతమంది పిల్లల డబ్బులు మిగులుతాయో. నాకు ఒళ్లు మండేది అక్కడే. పిల్లోడైతే "ఇంగ వేరే లాప్‌టాప్ కొనాల్సిందే మామా" అని మొహం వేలాడేసినాడు. వద్దురా, దీంతోనే చేద్దాం అని చెప్పినా.

దారి దొరికింది. మెటా కంపెనీ క్వెస్ట్ రకం హెడ్‌సెట్లు వేరే పద్ధతిలో పనిచేస్తాయి. వాటిలోనే ఒక చిన్న కంప్యూటర్ ఉంటుంది. లాప్‌టాప్ గీసిన బొమ్మను గ్రాఫిక్స్ కార్డు వీడియోగా కుదించి, మామూలు డేటా మాదిరి యూఎస్‌బీ మీదో వైఫై మీదో పంపిస్తుంది. హెడ్‌సెట్ దాన్ని విప్పుకుని చూపిస్తుంది. అంటే డిస్‌ప్లేపోర్టూ వద్దు, హెచ్‌డీఎంఐ ఎవరికి కలిపి ఉందన్న గొడవా వద్దు. యూఎస్‌బీతో 2019 చివర నుంచి, వైఫైతో 2021 నుంచి ఈ సౌకర్యం ఉండాది. మావాడి సీనియర్ ఒకాయన క్వెస్ట్ 2 కొన్నాళ్లు వాడుకోమని ఇచ్చినాడు, దేవుడిలాంటోడు. మొదట వైఫైలో బొమ్మ చెదిరిపోయింది. రూటర్ 2.4 గిగాహెర్ట్జ్ మీద ఉండాది. 5 గిగాహెర్ట్జ్‌కు మార్చి, లాప్‌టాప్‌ను లాన్ వైరుతో రూటర్‌కు కలిపి, రూటర్‌ను గదిలోకే తెచ్చి పెడితే కుదురుకుంది. ఇంకోటి, లాప్‌టాప్‌కు ఛార్జర్ పెట్టే ఉంచాల. బ్యాటరీ మీద ఉంటే గ్రాఫిక్స్ కార్డు నీరసపడుతుంది.

అంతకన్నా నాకు నచ్చింది వాడు తర్వాత చేసిన పని. బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో బసవన్న బొమ్మను బరువు తగ్గించి, వెబ్ పేజీలో త్రీడీ చూపించే ఏ-ఫ్రేమ్ అనేదాంతో ఒక చిన్న పేజీ చేసినాడు. క్వెస్ట్‌లో ఉన్న బ్రౌజర్‌లో ఆ పేజీ తెరిస్తే చాలు, లాప్‌టాప్ పనే లేదు. మా అక్కకు పెట్టి చూపించినాం. ఆయమ్మ తల పైకెత్తి, చెయ్యి చాచి, బసవన్న మెడలో చెక్కిన గంటల దండ పట్టుకోబోయింది. "ఎంత నున్నగా చెక్కినారప్పా" అని మెడ కిందికి వంగి వంగి చూసింది. లేపాక్షికి ఎన్నోసార్లు పోయిందా మనిషి, అయినా ఆ గంటలను అంత దగ్గర నుంచి చూడలేదంట. పిల్లోడి మొహం చూడాల్సింది నువ్వు.

రిఫ్ట్ ఎస్ వృథా కాలేదులే. హిందూపురంలో మావాడి స్నేహితుడికి డెస్క్‌టాప్ ఉండాది, దాని గ్రాఫిక్స్ కార్డుకే డిస్‌ప్లేపోర్ట్ ఉండాది. అక్కడ మొదటిసారికే పలికింది.

కాబట్టి ఆ అమ్మేటాయనకు ఇప్పుడే డబ్బులు పంపొద్దు. సాయంత్రం పాప లాప్‌టాప్ రెండు పక్కలా, వెనకా ఉన్న పోర్టుల ఫోటోలు దగ్గర నుంచి తీసి పంపు, గుర్తులు కనపడాల. ఎన్‌విడియా ఉంటే ఆ ఫిజ్ఎక్స్ పేజీ స్క్రీన్‌షాట్ కూడా పంపు. వెనక అంటించిన చీటీ మీద మోడల్ నంబర్ ఉంటుంది, దాంతో మాన్యువల్ నేను వెతుకుతా. పాత క్వెస్ట్ 2 ఎవరైనా అమ్ముతుంటే కనుక్కో. కొనేముందు తల మీద పెట్టుకుని చూడు, అద్దాల మీద గీతలు ఉన్నాయేమో చూడు, ఎండ పడితే లోపల తెర కాలిపోయి మచ్చ పడుతుంది, అది కూడా వెతుకు. చేతిలో పట్టుకునే కంట్రోలర్లు రెండూ పలుకుతున్నాయో లేదో అక్కడే తేల్చుకో.

పాపకు నా ఆశీస్సులు. ఫోటోలు మర్చిపోవద్దు.

నీ
రమణ