తుపాను వేళ పాత వీడియోలకు అడ్డుకట్ట వేయాలి

తుపాను హెచ్చరిక వెలువడిన ప్రతిసారీ శ్రీకాకుళం జిల్లా వాట్సాప్ గ్రూపుల్లో పాత వరద వీడియోలను తాజావిగా తిప్పడం ప్రాణాల మీదకు తెస్తోంది. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను నాటి దృశ్యాలు నేటికీ ‘ఇప్పుడే’ అంటూ వస్తున్నాయి. వంశధార నదిపై ఉన్న గొట్టా బ్యారేజీ నుంచి నీరు వదిలారన్న కబురు ఏ ఏటిదో తెలియక, ముసలివారిని మంచాలపై మోసుకుని రాత్రివేళ మెరకకు పరుగెత్తిన కుటుంబాలను మా వంశధార తీరంలో చూశాను. అంతకు మించిన చేటు మరొకటి ఉంది: అలా మోసపోయినవారు అసలు హెచ్చరిక వచ్చినా కదలడం లేదు. ఈ మాధ్యమాల మేలును కాదనను. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలినప్పుడు వలస వెళ్లిన పిల్లలకు ఊరి క్షేమం తెలిసింది ఫోను ద్వారానే. అందుకే గ్రూపులను మూయించడం కాదు, నమ్మదగిన సమాచారాన్ని ముందుగా వాటిలోకి పంపడమే మార్గం. కలెక్టరేట్ ఇచ్చే ప్రతి సందేశంపై తేదీ, సమయం, వరుస సంఖ్య వేసి, గ్రామ సచివాలయ సిబ్బంది ద్వారా ఊరి గ్రూపులకు చేర్చాలి. నీటి విడుదలను క్యూసెక్కుల్లో చెప్పి ఊరుకోకుండా, ముప్పున్న గ్రామాల పేర్లు రాయాలి. విపత్తుపై తప్పుడు హెచ్చరికతో భయాందోళన రేపితే 2005 విపత్తు నిర్వహణ చట్టం 54వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు శిక్ష పడవచ్చని గ్రూపు అడ్మిన్లకు అక్టోబరు రాకముందే తెలియజేయాలి.

– ఒక రైతు, జలుమూరు మండలం, శ్రీకాకుళం జిల్లా