కోరంగి పడవ సర్వేకు పిల్లలను పంపే ముందు

9వ తరగతి తల్లిదండ్రులకు నమస్కారం.

సంక్రాంతి సెలవులయ్యాక మన పిల్లలు కోరంగి మడ అడవుల్లోనూ, కాకినాడ తీరం లోపలి నీళ్లలోనూ పడవల మీద నీటిపక్షులను లెక్కపెట్టబోతున్నారు. దీన్ని విహారయాత్ర అనుకుని పంపవద్దని ముందే మనవి చేస్తున్నాను. ఏషియన్ వాటర్‌బర్డ్ సెన్సస్ పేరుతో 1987 నుంచి ఏటా జనవరిలో ఈ లెక్క అనేక దేశాల్లో జరుగుతోంది. మన పిల్లల అంకెలను కూడా అందులోకి పంపుతాం. తప్పుడు అంకె ఒకసారి చేరిందంటే ఆ రోజుకు వెనక్కి వెళ్లి మళ్లీ లెక్కపెట్టడం ఎవరి వల్లా కాదు. అందుకే ఈ ఉత్తరం కాస్త పెద్దదైంది, ఓపికగా చదవండి.

తేదీ ఇంకా ఎందుకు చెప్పలేదని చాలామంది అడుగుతున్నారు. ఈ పనికి తేదీ పెట్టేది సముద్రపు పోటు. పాటు వేళ, అంటే నీరు తీసినప్పుడు, బురద నేలలు బయటపడతాయి. ఉల్లంకి పిట్టలు వాటి మీద చెల్లాచెదురై పురుగులూ నత్తలూ ఏరుకుంటాయి. అప్పుడు లెక్క కుదరదు. నీరెక్కేకొద్దీ బురద మునిగిపోయి, పక్షులన్నీ మిగిలిన ఇసుక తిన్నెల మీదికి చేరి గుంపులు కడతాయి. మనకు దొరికే సమయం అదే. పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది కాబట్టి, ఉదయం 10, 11 గంటల మధ్య నీరు నిండే రోజులు పక్షానికి రెండు మూడుకు మించవు. వాటిలో ఒకటి అసలు తేదీ, ఇంకొకటి వాతావరణం బాగోకపోతే వాడుకునే తేదీ. రెండింటికీ పిల్లలను ఖాళీగా ఉంచండి.

ఎక్కే నీటి మీద వెళ్లడానికి భద్రత కూడా ఒక కారణం. నీరెక్కుతున్నప్పుడు పడవ అడుగు బురదకు తగిలితే కాసేపటికి ఆ నీరే లేపుతుంది. నీరు తీస్తున్నప్పుడు తగిలితే మళ్లీ పోటు వచ్చేదాకా గంటల తరబడి అక్కడే కూర్చోవాలి. మడ అడవి సన్న పాయల్లో ఇలా ఇరుక్కోవడం కొత్తేమీ కాదు. పోటు నిండిన గంటలోపే రెండు పడవలూ పాయల్లోంచి బయటికి రావాలని పడవ నడిపే సరంగులతో ఒప్పందం చేసుకున్నాం.

పడవ ప్రయాణం అనగానే 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల పడవ మునిగిన ప్రమాదం మీ అందరికీ గుర్తొస్తుంది. రావాలి కూడా. ఆ రోజు గోదావరి వరద మీద ఉంది. మనం వెళ్లేది వరద లేని కాలంలో. నది తెచ్చిన ఇసుకతో ఏర్పడిన హోప్ ఐలాండ్ 16 కిలోమీటర్లకు పైగా పొడవున అడ్డు నిలిచి బంగాళాఖాతం అలలను చాలావరకు ఆపుతుంది. మన పడవలు ఆ దిబ్బ దాటవు. అయినా లైఫ్ జాకెట్ విషయంలో సడలింపు ఉండదు. రేవులో పడవ ఎక్కే ముందు వేసుకుంటే మళ్లీ రేవులో దిగాకే విప్పాలి, ఎండగా ఉన్నా, ఈత వచ్చినా. జాకెట్ పిల్లవాడి బరువుకు సరిపడాలి. బకిల్స్ బిగించాక రెండు భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూస్తాం. గడ్డం దాటి పైకి వచ్చిందంటే నీళ్లలో తల మీదుగా జారిపోతుందన్నమాట, మార్చేస్తాం. పిల్లవాడి బరువు ఎంతో అంగీకార పత్రంలో సరిగ్గా రాయమని అడిగింది ఇందుకే.

ఒక్కో పడవలో 12 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు, సరంగు, అతని సహాయకుడు ఉంటారు. మత్స్యకారులకు వాతావరణ శాఖ హెచ్చరిక ఉన్నా, గాలి గంటకు 20 కిలోమీటర్లు దాటినా వెళ్లం. ఆ గాలికి నీటి మీద తెల్ల నురగలు తరచుగా లేస్తాయి. పడవ ఊగడం సరే, ఆ నురగల మధ్య తాబేలు తల పైకి వచ్చినా కనిపించదు, లెక్క కూడా పనికిరాదు. పొగమంచు ఉంటే అవతలి గట్టు కనిపించేదాకా రేవులోనే ఆగుతాం.

ఇక లెక్క సంగతి. పిల్లలకు ఇది ముందే నేర్పుతున్నాం, ఇంట్లో మీరు కూడా సాధన చేయించవచ్చు. వందల పక్షుల గుంపు కనిపిస్తే ఒకటీ రెండూ అంటూ మొదలుపెట్టకూడదు. ముందు ఒక మూల పది పక్షులను లెక్కపెట్టి, అవి ఎంత మేర పట్టాయో కంటికి పట్టించుకోవాలి. అదే కొలతతో గుంపంతా పదులుగా, పెద్ద గుంపైతే యాభైలుగా కొలుచుకుంటూ పోవాలి. కొత్తవారు పెద్ద గుంపును దాదాపు ఎప్పుడూ తక్కువే చెబుతారు. పళ్లెంలో గుప్పెడు కందిపప్పు పరిచి 10 సెకన్లలో ఎన్నో చెప్పమనండి, తర్వాత ఒక్కొక్కటీ లెక్కపెట్టించండి. వారం రోజులు ఇలా చేస్తే తేడా బాగా తగ్గుతుంది.

పడవలో ఇద్దరు విడివిడిగా లెక్కపెడతారు, మూడోవారు రాస్తారు. రాయడం అయ్యేదాకా ఒకరి అంకె ఇంకొకరికి చెప్పకూడదు. చెబితే రెండో అంకె మొదటిదాని వైపు జరుగుతుంది. అరగంటకోసారి పనులు మార్చుకుంటారు. బైనాక్యులర్ కొనాలనుకుంటే 8×42 (8 రెట్లు పెద్దగా చూపేది) చాలు. ఊగే పడవలో 10 రెట్లు చూపేది ఇంకా ఎక్కువ వణుకుతుంది. కొనడం తప్పనిసరి కాదు, స్కూలువి ఉన్నాయి.

లెక్క రాసే పుస్తకంలో ఖాళీ వేరు, సున్నా వేరు. సున్నా అంటే వెతికాం, లేవు అని. ఖాళీ అంటే అసలు చూడలేదని. స్కిమ్మర్ అనే పక్షి కోసం ప్రతి తిన్నె దగ్గరా వెతుకుతాం. నారింజ రంగు ముక్కు, కింది భాగం పైదానికన్నా పొడవు, ఒకసారి చూస్తే మరచిపోలేం. ప్రపంచంలోనే తగ్గిపోతున్న ఈ పక్షి చలికాలంలో కాకినాడ తీరానికి వస్తుంది. ఆ రోజు కనిపించకపోతే సున్నా అనే రాయాలి, ఆ సున్నాకూ విలువ ఉంది. పోల్చుకోలేని పిట్టను ‘ఉల్లంకి, జాతి తెలియదు’ అని రాసిన పిల్లవాడిని మెచ్చుకుంటాం. ఊహించి పేరు పెడితే ఒప్పుకోం.

మరీ దగ్గరికి వెళ్లడమూ ఉండదు. పక్షులు మేత ఆపి తలలెత్తాయంటే పడవ హద్దు దాటిందని అర్థం. సరంగు ఇంజన్ ఆపి గెడతో వెనక్కి తీస్తాడు. గుంపు లేచిపోతే లెక్క చెడడం చిన్న సంగతి. వేల కిలోమీటర్ల తిరుగు ప్రయాణానికి అవి పోగేసుకుంటున్న కొవ్వు ఊరికే ఖర్చవుతుంది.

నీటిపిల్లిని (ఫిషింగ్ క్యాట్) చూస్తామని పిల్లలు ఆశపడుతున్నారు. అది ఎక్కువగా రాత్రి తిరిగే జంతువు. బురద మీద దాని అడుగులు, నీటికుక్కల రెట్టలో చేప పొలుసులు కనిపిస్తే అదృష్టమే అనుకోమని చెప్పండి.

చెట్ల విషయంలో ఒక్క జాగ్రత్త. మడ, కళింగ చెట్లతో భయం లేదు. తిల్ల చెట్టు కొమ్మ విరిగితే తెల్లని పాలు కారతాయి. అవి చర్మానికి తగిలితే బొబ్బలు వస్తాయి, కంట్లో పడితే కొంతకాలం చూపు పోయే ప్రమాదం ఉంది. సన్న పాయల్లో కొమ్మలు పడవ మీదికి వంగి ఉంటాయి కాబట్టి ఎవరూ చేయి చాచకూడదు. నిండు చేతుల చొక్కా తప్పనిసరి. పొరపాటున కంట్లో పడితే కడగడానికి ప్రతి పడవలో 10 లీటర్ల మంచినీళ్లు విడిగా ఉంచుతున్నాం. 15 నిమిషాలు ఆపకుండా కడిగి నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్తాం.

కాళ్లకు లేసులున్న పాత కాన్వాస్ బూట్లు వేయండి. చెప్పులు బురదలో ఊడి ఉండిపోతాయి. గమ్ బూట్లలో నీళ్లు నిండితే కాలు కదపలేరు. నాడా ఉన్న టోపీ, 2 లీటర్ల నీళ్లు, స్టీలు డబ్బాలో పెరుగన్నం, తాడుతో పుస్తకానికి కట్టిన పెన్సిల్ ఇవ్వండి. పెన్ను వద్దు, తడిస్తే సిరా కారిపోతుంది. ప్లాస్టిక్ కవర్లు, చిప్స్ ప్యాకెట్లు గాలికి ఎగిరి నీళ్లలో పడతాయి, పంపకండి. ఫోన్లు కూడా వద్దు.

ఉదయం ఖాళీ కడుపుతోనూ, పూరీలు తినిపించీ పంపవద్దు, రెండు మూడు ఇడ్లీలు చాలు. ప్రయాణంలో వాంతులయ్యే పిల్లలుంటే డాక్టరును అడిగి మాత్ర రాయించుకోండి. దాన్ని ముందుగా ఒక సెలవు రోజున ఇంట్లో వేసి, ఎంత మత్తు వస్తుందో చూడండి. అలాంటి పిల్లలను పడవ మధ్యలో కూర్చోబెట్టి దూరపు గట్టు వైపు చూడమంటాం. అణియం (పడవ ముందు భాగం) దగ్గర ఊపు ఎక్కువ. ఉబ్బసం, మూర్ఛ, మధుమేహం ఏది ఉన్నా దాచకుండా రాయండి. రాసినంత మాత్రాన పిల్లలను ఆపేయం. ఇన్‌హేలర్, మందులు టీచరు దగ్గర ఉంటాయి.

పడవలో మరుగుదొడ్డి లేదు. నీటి మీద ఉండేది నాలుగు గంటలు. ఎక్కే ముందు, దిగిన వెంటనే రేవులో ఏర్పాటు ఉంది. ఆ రోజు నెలసరి ఉన్న అమ్మాయిలు రావచ్చు, కావలసినవి టీచరమ్మ సంచిలో ఉంటాయి. రావాలా వద్దా అన్నది అమ్మాయి ఇష్టం. ఖర్చు భారమనుకునే వారు నేరుగా నాతో మాట్లాడండి, ఆ కారణంతో ఏ పిల్లా ఆగకూడదు.

అంగీకార పత్రాలు సెలవులకు ముందే అందాలి, అటవీ శాఖ అనుమతికి పేర్ల జాబితా ఇవ్వాలి. తిరిగి వచ్చాక పుస్తకాన్ని ఇంట్లో ఫెయిర్ కాపీ చేయించకండి. కొట్టివేతలు, బురద మరకలతో ఉన్నది ఉన్నట్టు మర్నాడే స్కూలుకు పంపండి. అంకె మీద అనుమానం వస్తే మేం చూసేది ఆ మొదటి పేజీనే.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు