మా చేన్లలో రాళ్లు పాతే ముందు మా చేతికి ఉత్తర్వు ఇవ్వండి

గౌరవనీయులైన రెవెన్యూ శాఖ మంత్రివర్యులకు, కర్నూలు జిల్లా రైతు ఒకరు నమస్కరించి రాసుకునే మనవి.

దేశ రక్షణకు భూమి కావాలంటే మా సీమ ఏనాడూ ముఖం తిప్పుకోలేదు. 2025లో కర్నూలు దగ్గరి డీఆర్‌డీవో పరీక్షా క్షేత్రంలో లేజర్ ఆయుధాన్ని పరీక్షించినప్పుడు మేమూ గర్వపడ్డాం. మా బాధల్లా భూమి తీసుకునే తీరు గురించే.

ప్రభుత్వం పేదలకు కేటాయించిన డీకేటీ (అసైన్డు) పట్టా భూమైన మా చేనులో కంది పూతకొచ్చిన వేళ సర్వే సిబ్బంది వచ్చి, సాళ్ల మధ్య గుంతలు తీసి, ఎర్రరంగు పూసిన రాళ్లు పాతిపోయారు. నోటీసు లేదు, పంచనామా లేదు. ఎవరి కోసమని అడిగితే ఒకరు మిలిటరీకన్నారు, మరొకరు పెద్దల అతిథి గృహానికన్నారు. ఈ రెండింటికీ ఎంత తేడా ఉందో తమకు వేరే చెప్పనక్కర్లేదు. దేశం పేరు చెప్పి ఎవరి సుఖానికో భూమి పోతే అది సైనికుడికీ అవమానమే.

2013 భూసేకరణ చట్టంలోని 40వ సెక్షన్ దేశ రక్షణ కోసం అత్యవసరంగా భూమి తీసుకునే అధికారాన్ని కలెక్టరుకు ఇస్తూనే, స్వాధీనానికి ముందే పరిహారంలో 80 శాతం చెల్లించజూపాలని నిర్దేశించింది. తాత్కాలికంగా వాడుకునే భూమికి 81వ సెక్షన్ మూడేళ్ల గడువు పెట్టింది. డీకేటీ భూములకు పరిహారం ఎందుకని మా ముఖం మీదే అనేవారున్నారు గానీ, అసైన్డు రైతులకూ పట్టాదారులతో సమానంగా పరిహారం ఇవ్వాలని ఉమ్మడి రాష్ట్ర హైకోర్టు విస్తృత ధర్మాసనం 2004లోనే తీర్పిచ్చింది.

తీసుకున్నది తిరిగి రావడం ఎంత కష్టమో బెంగళూరు బైయప్పనహళ్లి రైతు కుటుంబం కథ చెబుతుంది. 1963లో రక్షణ అవసరాలకని వారి భూమిని తీసుకున్నారు. అలా భూమిని అట్టిపెట్టుకునే చట్టపరమైన అధికారం 1987లోనే ముగిసిపోయినా స్వాధీనం వదల్లేదు. చివరికి 2020లో సుప్రీంకోర్టు ఆ భూమిని మూడు నెలల్లో అప్పగించమని కేంద్రాన్ని ఆదేశించాల్సి వచ్చింది. అన్నేళ్లు కోర్టుల చుట్టూ తిరిగే ఓపిక, డబ్బు మా ఊళ్లో ఎవరికున్నాయి?

కనుక తహసీల్దార్లందరికీ తమరు ఒక సర్క్యులర్ పంపాలి. ఏ శాఖకు, ఏ పనికి, ఎన్ని సెంట్లు, ఎంతకాలమో తెలుగులో రాసిన ఉత్తర్వు రైతు చేతికి అందనిదే చేనులో రాయి పాతకూడదని, పైరుంటే దాని విలువ కట్టి పంచనామాలో రాసి రైతు సంతకం తీసుకోవాలని, కాగితం లేకుండా ఇప్పటికే పాతిన రాళ్లను పంట కోతలోపే తీయించాలని అందులో ఆదేశించండి.

ఇట్లు,
కర్నూలు జిల్లా రైతు