వెలిగారం నీళ్లతో మోకాళ్లు బాగుపడవు

సంపాదకులకు,

మోకాళ్ల నొప్పులకు చిటికెడు వెలిగారం (బోరాక్స్) నీళ్లలో కలిపి తాగమనే వీడియోలు గుంటూరు వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతున్నాయి. అందులో బోరాన్ అనే ఖనిజ మూలకం ఉందన్నంత వరకు నిజమే. ఎంత ఉందో మాత్రం చెప్పరు. గ్రాము వెలిగారంలో బోరాన్ సుమారు 113 మిల్లీగ్రాములు. పెద్దలకు అమెరికాలో 2001లో పెట్టిన గరిష్ఠ పరిమితి రోజుకు 20 మిల్లీగ్రాములు, ఐరోపాలో 10. పావు గ్రాము పొడి పడినా రెండూ దాటేసినట్టే.

పెనం మీద పొంగిస్తే దోషం పోతుందన్నది ఇంకో భ్రమ. పోయేది నీరొక్కటే. నీరు పూర్తిగా పోయిన పొడిలో గ్రాముకు బోరాన్ దాదాపు 215 మిల్లీగ్రాములు! దాన్నే తేనెలో రంగరించి పసిపిల్లల నాలుకకు రాస్తున్నారు. వాంతులు, విరేచనాలు, ఒళ్లు ఎర్రబడి పొట్టు రాలడం, ఫిట్స్ కూడా రావచ్చు. బోరాన్ ప్రధానంగా మూత్రంలోనే పోతుంది కాబట్టి కిడ్నీ రోగులు అసలు ముట్టకూడదు.

బోరాన్ మనిషికి తప్పనిసరి అని ఇంకా తేలలేదు, రోజువారీ సిఫార్సు మోతాదూ లేదు. ఎముకలకు, కాల్షియం వినియోగానికి మేలు చేయవచ్చన్న పరిశోధనలున్నాయి గానీ అవి కొన్ని మిల్లీగ్రాముల లెక్కలు. 28 గ్రాముల వేయించిన వేరుశనగపప్పులో సుమారు అర మిల్లీగ్రాము, 40 గ్రాముల ఎండుద్రాక్షలో ఒకటికి కాస్త తక్కువ దొరుకుతుంది. పప్పులు, పాలు, కాఫీలోనూ ఉంది.

పత్తి చేలకు ఎరువుల షాపుల్లో అమ్మే బోరాక్స్ కూడా ఈ పదార్థమే. వెలిగారం విడిగా పొట్లం కట్టి అమ్మేవాళ్లు దానిపై 'తినరాదు' అని తెలుగులో రాసి ఇవ్వాలి.

— ఒక పోషకాహార నిపుణురాలు, గుంటూరు