అమ్మ జబ్బు గురించి పిల్లాడికి ఏమని చెప్పాలి?

బ్రాడీపేట,
గుంటూరు.

నేస్తమా,

నీ ఉత్తరం అందింది. పెళ్లి కబుర్లన్నీ ఇష్టంగా చదివాను. వాటి సంగతి తర్వాత. ముందు మా పక్కింటి పిల్లాడి గురించి చెప్పాలి. ఈమధ్య మనసంతా వాడి మీదే ఉంది.

వాళ్లమ్మకు డిప్రెషన్. రెండో కాన్పయ్యాక మొదలైంది, మందులు వాడుతోంది. మొన్న పొద్దున నేను వెళ్లేసరికి వాడు యూనిఫాం చొక్కాకు ఒక గుండీ తప్పించి పెట్టుకుని, ఏడాదిన్నర చెల్లెలికి ఇడ్లీ ముక్క ఊది ఊది తినిపిస్తున్నాడు. అమ్మకు నిద్రాభంగమవుతుందని గుసగుసగా మాట్లాడుతున్నాడు. రెండో తరగతి పిల్లాడు! చూసినవాళ్లంతా ‘ఎంత బుద్ధిమంతుడో’ అంటారు. నాకు మాత్రం కడుపు తరుక్కుపోయింది.

వాళ్ల నాయనమ్మ కోడలిని కూతురిలా చూసుకునే మనిషే. కానీ మాటకు ముందు ‘నువ్వు అల్లరి చేస్తే అమ్మకు ఎక్కువవుతుంది’ అంటుంది. వాడు నమ్మేశాడు. ‘పిన్నీ, లెక్కల్లో మంచి మార్కులు వస్తే అమ్మ ఏడవడం మానేస్తుందా?’ అని నన్నడిగాడు.

ఆ వయసులో ఇంట్లో ఏం జరిగినా తమవల్లే అనుకుంటారు. మనం దాచిన కొద్దీ వాళ్లు ఇంకా ఘోరంగా ఊహించుకుంటారు. అందుకే వాళ్ల నాన్నతో గట్టిగానే చెప్పాను: ‘అమ్మకు వచ్చింది జబ్బు, నీవల్ల రాలేదు, నయం చేయడానికి డాక్టరుగారున్నారు, నీ పని ఆడుకోవడం’ అని మీ నోటితోనే చెప్పండని. ‘చిన్నవాడికి ఏం అర్థమవుతుంది?’ అన్నాడుగాని, చివరికి చెప్పాడు. మర్నాడు వాడు బ్యాటు కోసం మావాడితో పోట్లాడాడు. ఎంత సంతోషించానో!

ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే చంటిదాన్ని తెనాలి పంపేద్దామని బంధువులు అప్పుడే లెక్కలు వేస్తున్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఆసుపత్రిలో చేరి చికిత్స పొందుతున్న తల్లి నుంచి మూడేళ్లలోపు బిడ్డను మామూలుగా వేరు చేయకూడదు. బిడ్డకు హాని జరుగుతుందనే భయముండి వేరు చేసినా, ఆ నిర్ణయాన్ని 15 రోజులకోసారి సమీక్షించాలి. ఈ సంగతి వాళ్లెవరికీ తెలియదు. మాత్ర వేసుకుందా అని అందరూ అడుగుతారు, పిల్లలకు అన్నం ఎవరు పెట్టారని ఒక్కరూ అడగరు. మానసిక సమస్యలకు ఫోన్‌లో సలహా ఇచ్చే ప్రభుత్వ సేవ ‘టెలీ మానస్’ నంబరు 14416 కాగితం మీద రాసి వాళ్ల నాన్న చేతికిచ్చాను. రాత్రీ పగలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.

నువ్వు విజయవాడలో బడిపిల్లల మధ్యే ఉంటావు కదా, అందుకే ఇంత రాశాను. అల్లరి చేసేవాళ్లు ఎలాగూ నీ కంటపడతారు. వయసుకు మించిన బుద్ధిమంతులు కనిపిస్తే, పొద్దున టిఫిను ఎవరు పెట్టారో ఒక్కసారి అడిగి చూడు. ఏమన్నారో నాకు రాయి.

నీ
నేస్తం