తాత్కాలికం అంటే ఎన్నేళ్లు, మంత్రిగారూ?

పోలండ్‌లో సముద్ర వేట వ్యవహారాలు చూసే మంత్రిగారికి,

నమస్కారం. మీకిది నా నాలుగో ఉత్తరం. మొదటి మూడూ మా ఆయన చేత తప్పులు దిద్దించి పోలిష్‌లోనే రాశాను. జవాబు లేదు. ఎలాగూ చదవరు కదా అని ఈసారి నా భాషలో, నలుగురికీ తెలిసేలా రాస్తున్నాను.

భీమిలి దగ్గర మత్స్యకారుల ఇంట పుట్టి, హవూపీలో మెట్టినదాన్ని. హెల్ ద్వీపకల్పం మీద, ఒక పక్క బాల్టిక్, ఇంకో పక్క పుత్స్క్ అఖాతం ఉన్న ఊరు మాది, కషూబియన్లు అనే ఇక్కడి స్థానిక జాతివాళ్ల ఊరు. మా మామయ్యగారి తాతల కాలంలో ఇక్కడ మషోపెరియాలు ఉండేవి. అంటే కలిసి వేట, కలిసి వాటా. మగదిక్కు పోయిన ఇంటికి కూడా వాటా పంపేవాళ్లు.

2019 జులైలో యూరోపియన్ యూనియన్ వాళ్లు ఇక్కడ కాడ్ అనే చేప వేట ఆపమన్నారు. డిసెంబరు 31 దాకానే అన్నారు. ఆ తర్వాత ప్రతి అక్టోబరులో ఆ యూనియన్ దేశాల మంత్రులందరూ లక్సెంబర్గ్‌లో కూర్చుంటారు, కాడ్ వేట మళ్లీ వద్దంటారు. వేరే చేపతోపాటు వలలో పడిన కాస్త కాడ్ వరకే ఒప్పుకుంటారు. మా భీమిలిలోనూ వేట నిషేధం ఉంది సార్, 61 రోజులు. ఏప్రిల్ 15న మొదలై జూన్ 14తో అయిపోతుంది. సాయం కింద ఇప్పుడు 20,000 రూపాయలు ప్రకటించారు. అది ఆలస్యమవుతుంది, అందనివాళ్లు తిట్టుకుంటారు. కానీ పడవ మళ్లీ ఎప్పుడు దించాలో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. ఇక్కడ మామయ్యగారికి తెలియదు. షెడ్డులో వల సర్దుతారు, మళ్లీ విప్పుతారు, మళ్లీ సర్దుతారు.

కాడ్ బక్కచిక్కిపోయిందని ఆయనే ముందు చెప్పారు. లోతు నీళ్లలో ఆక్సిజన్ లేదని శాస్త్రవేత్తలూ అంటున్నారు. నిషేధం ఎత్తేయమని మేము అడగడం లేదు. మరి పెద్ద ట్రాలర్లు ఏళ్ల తరబడి ఊడ్చుకుపోయినప్పుడు ఎవరూ ఎందుకు మాట్లాడలేదు? 1836లో ఈ ఊళ్లో ఒకరికి జబ్బు చేస్తే మంత్రగత్తెవని క్రిస్తినా త్సెయ్నోవా అనే వితంతువును నీళ్లలో ముంచి చంపారు. ఇప్పుడు చేపకు జబ్బు చేసింది, చిన్న పడవవాడు దొరికాడు.

పడవను తుక్కు చేస్తే డబ్బిస్తామనే పథకం మీకు తెలిసిందే. ఉంచుకుంటే ఏమిస్తారో అడిగాం, ఒక ఆఫీసు ఇంకో ఆఫీసుకు పంపింది. మామయ్యగారికి డెబ్బై దాటాయి. ఎన్ని కౌంటర్లు తిరగాలి? వేసవిలో కైట్ సర్ఫింగ్ అని గాలిపటం పట్టుకుని అలల మీద ఆడే పిల్లలకు గది అద్దెకిచ్చుకోమని ఒకాయన సలహా ఇచ్చాడు. ఇస్తూనే ఉన్నాం, ఆ సలహాకు చాలా థాంక్స్. ఆ పిల్లలు తినే కాడ్ కూడా ఎక్కడో ఫ్రీజ్ చేసి తెచ్చిందే.

ఒక తేదీ చెప్పండి. తేదీ చెప్పలేకపోతే అప్పటిదాకా బతకడానికి ఇంత అని చెప్పండి. అదీ కుదరకపోతే ఉత్తరం అందిందనైనా రాయండి.

ఒక్కసారి వచ్చి చూడండి. ఆగస్టులో వద్దు, ఉన్న ఆ ఒక్క రోడ్డు మీదే ఇరుక్కుపోతారు. నవంబరులో రండి. మామయ్యగారు షెడ్డులోనే ఉంటారు.

ఇట్లు,
హవూపీ కోడలు